బయానా ఇవ్వకముందు

రండి, అరుగు మీద కూర్చోండి. రాజోలు పక్కన ఇరవై సెంట్లు బేరానికి వచ్చిందన్నారు కదా. ఇల్లు కట్టుకుని, వెనక నాలుగు కొబ్బరిచెట్లు, అరటిపిలకలు వేసుకుంటానన్నారు. ఎప్పుడు చూశారు? సంక్రాంతికా? అదేనండీ నా బెంగ. సంక్రాంతికి కోనసీమలో ఏ ముక్క చూసినా ముద్దొస్తుంది. నేల అసలు గుణం బయటపడేది ముసురు పట్టిన భాద్రపదంలోనూ, రోళ్ళు పగిలే రోహిణి కార్తెలోనూ.

గోదారి ఒండ్రే కదా, అంతా ఒకటే అనుకుంటారు బయటివాళ్ళు. కాదండీ. గౌతమికీ వసిష్ఠకీ మధ్యనున్న ఈ నేలని ఏరూ సముద్రమూ కలిసి చేశాయి. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా పాత తీరం ఇసుక దిబ్బగా మిగిలిపోయింది. పాతకాలపు వాళ్ళు ఇళ్ళు కట్టుకున్నది ఆ మెరకల మీదే. దిబ్బకీ దిబ్బకీ నడుమ పల్లంలో బంకమన్ను పేరుకుంది, అక్కడ వరి వేశారు. ఏటి మధ్య లంకల్లో మెత్తటి ఒండ్రు. కూరగాయలకి అంత మంచి నేల ఇంకోటి లేదు గానీ, వరదొస్తే మునుగుతుంది, ఏరు కోతపెడితే చెట్లతో సహా జారిపోతుంది. సముద్రం వైపు వెళితే ఉప్పు తేలే పర్ర భూములు. అడంగల్లో నేల ఎవరిదో తెలుస్తుంది, ఎలాంటిదో తెలుసుకోవాలంటే పలుగు పట్టాలి.

మూడడుగుల గొయ్యి తవ్వించండి. పైన కనిపించే మట్టి లారీలో వచ్చింది కావచ్చు, దాన్ని నమ్మకండి. అడుగు నుంచి పిడికెడు తీసి తడిపి, అరచేతుల మధ్య తాడులా పేని గాజులా చుట్టండి. విరక్కుండా చుట్టుకుంటే బంక. పగుళ్ళిస్తే గరప. తాడే రాకపోతే ఇసుక. తర్వాత గోతినిండా నీళ్ళు పోసి ఇంటికి రండి. మర్నాటికీ అలాగే నిలిచి ఉంటే అక్కడ కొబ్బరివేళ్ళకి ఊపిరాడదు.

నీళ్ళ సంగతి మరీ ముఖ్యం. తీరం దగ్గర తీపినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టం కంటే ఒక అడుగు ఎత్తున తీపినీరు ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా తీపినీరే ఉంటుందని లెక్క. పైన ఆ ఒక్క అడుగూ తోడేశామా, కింద ఉప్పు ఆ మేరకు పైకి లేస్తుంది. ఇంకాస్త లోతుకి దింపితే మంచినీళ్ళు పడతాయన్న మాట మెట్టవాళ్ళకి పనికొస్తుందేమో గానీ ఇక్కడ చాలాచోట్ల చెల్లదు. అందుకే మన వాళ్ళు పైపైన ఫిల్టర్ పాయింట్లు వేసుకున్నారు. పక్కింటి బోరు నీళ్ళు మే నెలలో పుక్కిలించి చూడండి. ఉప్పగా ఉంటే ఆ నీళ్ళతో కాంక్రీటు కలపనివ్వకండి, లోపల ఇనుము తుప్పు పట్టి స్లాబు పెచ్చులూడుతుంది.

అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఇక్కడి మురుగు ఎటు పోతుంది? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు ముంపు బాధ కూడా చెప్పుకున్నారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టతో నీళ్ళు రావడానికి దారి దొరికింది. పోయే దారి మూసుకుంటే ఆ నీళ్ళే కీడు. శంకరగుప్తం డ్రెయిను వెంట చూడండి, సముద్రపు పోటు నీరు ఎదురెక్కి కొబ్బరితోటలు మోడులైపోయాయి. ఏళ్ళ తరబడి బిడ్డల్లా పెంచిన చెట్లు తలలు వాల్చేసి నిలబడితే, చూసినవాళ్ళకి ఆ రోజు అన్నం సహించదు.

రొయ్యల చెరువు పూడ్చి ప్లాట్లు వేశారేమో అదీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి. అడుగున బురద, మీద వదులు మట్టి. పొరలు పొరలుగా దిమ్మిస కొట్టకుండా కడితే పునాది ఒకవైపు దిగి గోడ పగులుతుంది. రెండు వానాకాలాలు కుదురుకోనిచ్చి, ఇంజనీరుకి చూపించి, అప్పుడు ముగ్గు పోయించండి.

మట్టి పరీక్షకీ పంపండి. లవణ సూచిక 4 దాటితే ఉప్పు నేల, ఉదజని సూచిక 8.5 దాటితే చౌడుగా మారుతోందని అనుమానించాలి. రెండింటికీ మందు ఒకటి కాదు. ఉప్పుని మంచినీళ్ళు పెట్టి కడిగి డ్రెయినులోకి పంపాలి, చౌడుకి జిప్సం వెయ్యాలి. కొబ్బరి సంగతైతే అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానం వాళ్ళని అడగండి.

సరే, కాఫీ చల్లారిపోతోంది, తాగండి. స్థలం అమ్మేవాడికి బయానా మాత్రం ఇంకా ఇవ్వకండి. భాద్రపదంలో రెండు రోజులు ముసురు పట్టాక నేనే ఫోను చేస్తాను. రాజోలులో బస్సు దిగండి. చెప్పులు చేత్తో పట్టుకుని ఆ ఇరవై సెంట్లూ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూద్దాం.