టిప్పు వంశం పిల్ల, మా మామ తీర్పు

"ఫైటింగు ల్యాకపాయ, పాట ల్యాకపాయ, ఆకరికి ఆ యమ్మినీ సంపేసిరి. ఇదేం సినిమాప్పా అల్లుడూ?"

ఎమ్మిగనూరు నుంచి మా చిన్నమామ ఫోన్లో ఇచ్చిన తీర్పు ఇది. సినిమా పేరు 'ఎ కాల్ టు స్పై', 2019 నాటిది. రెండో ప్రపంచ యుద్ధంలో హిట్లర్ సేనల చేతికి చిక్కిన ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ దొంగచాటుగా పంపిన ఆడవాళ్ల కథ. చూడమని లండన్ నుంచి పోరు పెట్టింది నేనే. అందులో నూర్ ఇనాయత్ ఖాన్‌గా వేసిన రాధికా ఆప్టేను మాత్రం మామ ఇట్టే పట్టేశాడు. 'లెజెండ్'లో బాలయ్య పక్కన చేసిన పిల్ల, 'రక్తచరిత్ర'లోనూ ఉంది. అట్లాంటి సినిమాలు చేసొచ్చి ఇక్కడ ఇంత మెత్తగా ఉందేమని ఆయన బాధ.

మామ మాటను తీసిపారేయడానికి లేదు. మా వైపు ప్రేక్షకుడికి నిఘా, మాటు, ద్రోహం కొత్త సరుకు కాదు. ఎవరి బండి ఏ దారిన పోతోందో అవతలివాళ్లకు కబురు అందించిందెవరు? ఫ్యాక్షన్ సినిమా సగం నడిచేది దీని మీదే. ఆ అలవాటున్న మనిషికి గూఢచారి కథలో గుండె దడదడలాడాలి. ఈ సినిమా చాలాచోట్ల మర్యాదగా, నింపాదిగా నడుస్తుంది. అది నిజమే.

ఫోన్ పెట్టేసేలోగా ఇంకో ముక్క వేశాను. 1786లో ఆదోని కోటను ముట్టడించి నిజాం మనుషుల చేతిలోంచి లాక్కున్న టిప్పు సుల్తాన్ వంశపు పిల్లే ఈ నూర్ అని. మామ గొంతు మారింది. "మన కోటను కొట్టినోళ్ల పిల్లనా? ముందే సెప్పకూడదా?"

ఆ కుటుంబానికి మన నేలతో ఇంకో బంధం కూడా ఉంది. తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడా సంగీత విద్వాంసుడు. హైదరాబాద్‌లో ఆరో నిజాం ఎదుట పాడాడు, తన సూఫీ గురువును కలిసిందీ ఆ ఊళ్లోనే. తల్లి అమెరికన్. నూర్ 1914లో మాస్కోలో పుట్టి పారిస్ శివార్లలో పెరిగింది. వీణ వాయించేది. పిల్లల కోసం జాతక కథలు రాసి 1939లో అచ్చువేయించింది. అహింస, సత్యం వినుకుంటూ పెరిగిన పిల్ల గూఢచారి పనికి ఏం పనికొస్తుందని శిక్షణ ఇచ్చినవాళ్లే గొణిగారు. అయినా 1943 జూన్‌లో ఒక రాత్రి చిన్న విమానంలో తీసుకెళ్లి ఫ్రాన్స్‌లో దింపారు. బ్రిటన్ అక్కడికి పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే.

ఆ పనెలాంటిదో కొంచెం చెప్పాలి. సెట్టు సూట్‌కేసులో పడుతుంది గానీ బరువు పదిహేను కిలోలకు దగ్గర. ఏరియల్ తీగను బారుగా కట్టాలి. నిమిషాలు గడిచేకొద్దీ సిగ్నల్ ఎక్కణ్నుంచి వస్తోందో పసిగట్టే జర్మన్ వ్యాన్లు దగ్గరికొస్తుంటాయి. ఇట్లాంటి ఆపరేటర్ ఆరు వారాలు నిలిస్తే గొప్పనుకునేవాళ్లు. ఆమె దిగిన కొద్దిరోజులకే తను చేరిన పారిస్ గూఢచారి దళం దాదాపు మొత్తం దొరికిపోయింది. వెనక్కి తీసుకొచ్చేస్తామని లండన్ అడిగితే రానంది. జుట్టు రంగు మార్చుకుంటూ, ఇళ్లు మారుతూ అక్టోబరు దాకా సందేశాలు పంపింది. ఒకసారి చెట్టుకు ఏరియల్ కట్టుకోలేక తిప్పలు పడుతుంటే ఒక జర్మన్ సైనికుడే బట్టలారేసే తీగనుకొని సాయం చేశాడని చెప్పుకుంటారు. మామ అడిగిన దడ ఇక్కడుంది!

ఇక్కడ లండన్ ప్రేక్షకుల గొడవ వేరు. సినిమాలో ఇంకో గూఢచారి వర్జీనియా హాల్‌తో నూర్‌కు శిక్షణ రోజుల్లోనే స్నేహం కలిపారు, చరిత్రలో అది కుదరదంటారు. కుదరదు నిజమే. నూర్ ఫ్రాన్స్‌లో దిగేనాటికి హాల్ కృత్రిమ కాలితో పిరనీస్ కొండలు దాటి బయటపడి ఆరు నెలలు దాటింది. నాకది పెద్ద నేరంగా తోచలేదు. అసలు నేరం ముగ్గురు స్త్రీల కథను రెండు గంటల్లో కుక్కడం. పారిస్‌లోని నాలుగు నెలలూ గబగబా దాటిపోతాయి.

నూర్ పొరపాటూ చిన్నది కాదు. పంపిన సందేశాల నకళ్లు నోటుపుస్తకంలో దాచింది. పట్టుబడ్డాక జర్మన్లు వాటి సాయంతో ఆమె పేరునే లండన్‌కు దొంగ సందేశాలు పంపారు, మరికొందరు ఏజెంట్లు బలైపోయారు. అదే నూర్ నోరు మాత్రం విప్పలేదు. పారిస్‌లో ఆమెను బంధించిన జర్మన్ నిఘా అధికారి కీఫరే ఆమె ఏమీ చెప్పలేదని యుద్ధమయ్యాక వాంగ్మూలమిచ్చాడు. 1944 సెప్టెంబర్ 13న డాకావ్ శిబిరంలో కాల్చి చంపారు. వయసు 30. 1949లో బ్రిటన్ సాహస పతకం జార్జ్ క్రాస్ ఇచ్చారు. లండన్ గోర్డన్ స్క్వేర్‌లో విగ్రహం 2012లో గానీ పెట్టలేదు.

అందుకే రాధికా ఆప్టేకు పూర్తి మార్కులు, సినిమాకు సగం. నూర్ ఒక్కతి కథే ఒక సినిమాకు చాలు. 'కంచె'లో క్రిష్ రెండో ప్రపంచ యుద్ధానికి మనల్ని తీసుకెళ్లాడు, 'ఘాజీ'లో సంకల్ప్ రెడ్డి పాటల్లేకుండా జలాంతర్గామిలో కూర్చోబెట్టాడు. రెండిటికీ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కాబట్టి చేతకాదనకండి, తెలుగు దర్శకుల్లో ఎవరైనా నూర్ కథ తీయండి. ఆదోనిలో మొదటి ఆటకు మామను నేను పంపిస్తాను. ఆయన కోసమని చివర్లో ఆమెను మాత్రం బతికించకండి.