మా జేజి గదికి కప్పు లేదు

ముందే ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా ఇంగ్లీషు మీడియం. ఇది ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అయ్యే కీబోర్డుతో రాస్తున్నా. ఒత్తులు తప్పితే మన క్లబ్బు ఎడిటర్ అక్క దిద్దుతుంది. ఆమె కూడా వదిలేస్తే మీరే సర్దుకోండి.

పోయిన మే నెలలో మా జేజికి వడదెబ్బ తగిలింది. ఎండలో తిరిగి కాదు, ఇంట్లో పండుకొని. జమ్మలమడుగు దగ్గర మా ఊర్లో చిన్నాయన కొత్తగా స్లాబు ఇల్లు కట్టుకున్నాడు. పైన ఇంకో అంతస్తు లేదు కాబట్టి ఎండంతా నేరుగా స్లాబు మీదే. "పాత మిద్దెలో ఒక్కదానివే ఎందుకుమ్మా, మా ఇంటికి రా" అని జేజిని తీసుకుపోయినాడు. ప్రేమతోనే తీసుకుపోయినాడు. మూడో రోజు మధ్యాహ్నం ఆమెకు మాట తడబడింది. ఆస్పత్రిలో రెండు రోజులు సెలైన్ ఎక్కించి పంపినారు. అక్కడ్నించి నేరుగా పాత మిద్దెకే పోతానని మొండికేసింది.

చిక్కేమిటంటే, ఆ మిద్దెను పడగొట్టి అదే జాగాలో ఇంకో స్లాబు ఇల్లు కట్టాలని నాయన, చిన్నాయన అప్పటికే అనుకున్నారు. మేస్త్రీ వచ్చి కొలతలు కూడా తీసుకోని పోయినాడు.

నేను కర్నూల్లో హాస్టల్లో ఉండి కంప్యూటర్ సైన్స్ చదువుతున్నా. ఇల్లు కట్టడం గురించి నాకు తెలిసింది సున్నా. కానీ మా పెద్దనాయన కూతురు, అక్క, హైదరాబాదులో బిమ్ ఉద్యోగం చేస్తుంది. బిమ్ అంటే తెలియని వాళ్ళకి: మామూలు ప్లానులో గోడంటే రెండు గీతలు. బిమ్‌లో గోడకి తను గోడనని తెలుసు. ఎంత మందమో, దేంతో కట్టినారో, తనలో ఏ కిటికీ ఉందో తెలుసు. మన బ్రాంచి భాషలో గోడ ఒక ఆబ్జెక్టు. అట్లాంటి మోడల్‌ని ఎనర్జీ సాఫ్ట్‌వేర్‌కి పంపితే ఏ గంటకి ఏ గది ఎంత వేడెక్కుతుందో లెక్క కట్టి చెప్తుందని అక్క అనింది. మిద్దె, స్లాబు రెండూ పెట్టి చూద్దామనుకున్నా. నిజం చెప్పాలంటే, మిద్దె గెలవాలని ముందే అనుకున్నా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దసరా సెలవుల్లో టేపు పట్టుకోని ఊరికి పోయినా. మా మిద్దె చూడనివాళ్ళ కోసం చెప్తా. రెండడుగుల మందం రాతి గోడలు. పైన దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, వాటిమీద నాపబండలు, ఆ పైన మన్ను. వెలుగు కోసం కప్పులో గవాచి. వానొస్తే దానిమీద బండ మూస్తారు. రెవిట్‌లో ఇవన్నీ గీయొచ్చు, స్టూడెంట్లకి ఉచితం. కానీ మన్ను ఎంత మందం అని అడిగితే జేజి నవ్వింది.

"ఏటేటా వానలకు ముందు చవుడు పోస్తాం. ఇంత అని ఎవురు కొలిసినారే?"

చివరికి గవాచి అంచు దగ్గర టేపు పెట్టి చూసినా. మన్ను మాత్రమే 22 సెంటీమీటర్లు. ఆ మందంలో మా జేజినాయన మోసిన తట్టలు కూడా ఉన్నాయి. రెవిట్లో అది ఒక గడి, 220 అని కొట్టినా.

మోడల్ ముద్దుగా చేసినా. అరుగు, మెట్లు, తులసికోట, ఉట్టి, తలుపు మీద చెక్కిన పువ్వులు కూడా. అక్క వీడియో కాల్లో చూసి, "బాగుంది, ఇప్పుడు సగం తీసెయ్" అనింది. ఎనర్జీ లెక్కకి పువ్వులు అక్కర్లేదు. ప్రతి చిన్న తలం ఒక కొత్త లెక్క, ఒక కొత్త తప్పుకి దారి. వసారా కప్పు మాత్రం ఉంచమంది, గోడ మీద నీడ పడుతుంది కాబట్టి.

అసలు పని అక్కడ మొదలైంది. ఎక్స్‌పోర్ట్ అయ్యేది జీబీఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఫైలు. 2000 ప్రాంతంలో అమెరికాలో గ్రీన్ బిల్డింగ్ స్టూడియో వాళ్ళు మొదలుపెట్టిన ఫార్మాట్ ఇది. పేరు భయంకరంగా ఉంది గానీ, తెరిస్తే మనం సెకండ్ ఇయర్‌లో చూసిన ఎక్స్‌ఎమ్‌ఎల్‌యే. అందులో ఇల్లు ఉండదు. గదులు ఉంటాయి, గదుల్ని మూసే తలాలు ఉంటాయి. ఒక్కో తలం పక్కన ఏ గది ఉందో రాసి ఉంటుంది. రెండు గదుల పేర్లుంటే అది లోపలి గోడ. ఒక్కటే ఉంటే బయటి గోడో, కప్పో, నేలో. ఒక్క గది పేరూ లేకపోతే అది కేవలం నీడ, అంటే ఏ గదికీ చెందని, ఎండకి అడ్డం నిలబడే బోర్డు లాంటిది.

తలాలకి మందం కూడా ఉండదు. గోడ ఎంత లావైనా ఫైల్లో మధ్యగీత మీద ఒక కాగితం అంతే, మందం వేరేచోట అంకెగా ఉంటుంది. తొమ్మిదంగుళాల గోడకి ఇది పెద్ద సమస్య కాదు. మాది రెండడుగులు. జేజి గది లోపల 10 అడుగులు, 12 అడుగులు. మధ్యగీత నుంచి మధ్యగీతకి లెక్కేస్తే 12, 14. అంటే 120 చదరపు అడుగుల గది 168 అయింది. జేజికి చెప్తే, "ఆ మిగిలిన జాగాలో ఇంకో మంచం వేసుకుంటా" అనింది.

సరే, ఎక్స్‌పోర్ట్ కొట్టి ఎనర్జీప్లస్‌లో నడిపినా. అది అమెరికా ఇంధన శాఖ ఉచితంగా ఇచ్చే ఇంజను. గాలి, ఎండ లెక్కకి వెదర్ ఫైలు కావాలి. మన దేశంలోని నగరాలకి ఇష్రే వాళ్ళు చేసిన ఫైళ్ళలో కర్నూలు ఉంది. జమ్మలమడుగు ఉండదని ముందే తెలుసు, కర్నూలే పెట్టుకున్నా. అది కూడా నిజంగా గడిచిన ఒక ఏడాది కాదు, వేర్వేరు ఏళ్ళ నుంచి మామూలుగా ఉన్న నెలల్ని ఏరి కుట్టిన ఏడాది.

మొదటిసారి రిజల్ట్ చూసి నవ్వొచ్చింది. నేను మార్చకుండా వదిలేసిన సెట్టింగులో బిల్డింగ్ రకం "ఆఫీసు". మా జేజి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతుంది, శని ఆదివారాలు సెలవు, రోజంతా ఏసీ. ఇంట్లో ఉన్నది ఒక టేబుల్ ఫ్యాను. ఏసీ తీసేసి, కరెంటు ఎంత కాలుతుందని కాకుండా గదిలో గంట గంటకి ఎన్ని డిగ్రీలు అని అడిగినా. ఏడాదికి 8760 గంటలు, 8760 అంకెలు.

మే మధ్యాహ్నం జేజి గది, అదే సైజు స్లాబు గది కంటే ఏడు డిగ్రీలు చల్లగా ఉంది!

నేను ఆగలేదు. రాత్రి పదకొండుకి నాయనకి ఫోన్ చేసినా. గ్రాఫు వాట్సాప్‌లో పెట్టినా. "చూడు నాయనా, కంప్యూటరే చెప్తాంది." నాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. మరుసటి రోజు మేస్త్రీకి ఇప్పుడే వద్దులే అని చెప్పినాడంట. చిన్నాయన నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఆ గ్రాఫు చూస్తే, ఆయన ఇంటి వల్లే జేజికి అట్లయింది అన్నట్టుగా ఉంది మరి.

అక్క మాత్రం నమ్మలేదు. "ఏడా? ఒక పని చెయ్. మిద్దె కప్పు తీసేసి రేకులు పెట్టి మళ్ళీ నడుపు" అనింది.

పెట్టినా. అంకెలు దాదాపు కదల్లేదు. మన్ను పోసిన కప్పుకీ, రేకుల కప్పుకీ ఒకే చల్లదనం. రేకుల షెడ్డులో మే నెల మధ్యాహ్నం ఎప్పుడైనా కూర్చున్నారా? నేను కూర్చున్నా. కడుపులో ఏదో జారినట్టయింది. నేను మార్చిన వస్తువు లెక్కలోనే లేదు. కోడ్‌లో ఇట్లాంటివి రోజూ చూస్తాం, ఎక్కడో ప్రింట్ పెట్టి చూస్తే ఆ ఫంక్షన్ని ఎవరూ పిలవనే లేదని తెలుస్తుంది.

పైథాన్‌లో ఇరవై లైన్లు రాసి ఫైల్లో ఏ రకం తలాలు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టినా. కప్పులు నాలుగు ఉండాలి, మూడే ఉన్నాయి. నీడ తలాలు ఒకటి ఎక్కువ. ఆ ఎక్కువ దాని వైశాల్యం చూస్తే జేజి గది కప్పు. రెవిట్‌లో గది పెట్టినప్పుడు దాని ఎత్తు మొదట ఉన్న అంకె దగ్గరే వదిలేసినా. మా దూలాలు అంతకంటే పైన ఉన్నాయి. గది మధ్యలోనే ఆగిపోయింది, పైన ఖాళీ, ఆ పైన కప్పు. కప్పు ఏ గదినీ తాకట్లేదు కాబట్టి అది గొడుగు లాంటిదని ఫైలు అనుకుంది. కప్పు నుంచి వేడి దిగదు, కానీ నీడ మాత్రం పడుతుంది. స్వర్గంలో కూడా అట్లాంటి గది ఉండదేమో. గది పూర్తిగా మూసుకోలేదని ఎనర్జీప్లస్ ఒక హెచ్చరిక కూడా రాసింది. వందల లైన్ల మధ్యలో ఉంది. నేను చదవలేదు, ఎందుకంటే జవాబు నాకు నచ్చింది.

నాయనకి మళ్ళీ ఫోన్ చెయ్యడానికి నాలుగు రోజులు పట్టింది. "నాయనా, నేను పంపింది తప్పు. జేజి గదికి కప్పు లేకుండా లెక్క చేసినా." కోప్పడతాడనుకున్నా. "కప్పు లేకుండా ఎట్లుంటాది పాపా?" అని మాత్రం అడిగినాడు. చిన్నాయనకి వేరే ఫోన్ చేసి చెప్పినా. అది ఇంకా కష్టం.

గది ఎత్తు కప్పు దాకా పెంచి మళ్ళీ నడిపినా. ఈసారి ఇంకో వింత. మిద్దె గది బాగా వేడెక్కేది మధ్యాహ్నం రెండున్నరకి అని వచ్చింది. నాకు తెలియకపోయేది గానీ, జేజికి ఊరికే చెప్తే వెంటనే అనింది: "మధ్యాన్నం యాడ? పొద్దుగూకినాక గదా గోడలు ఉబ్బరించేది. అందుకే గదా రాత్రికి మిద్దెపైన పండుకునేది."

ఆమె చెప్పింది టెస్ట్ కేసు. నా ప్రోగ్రాం అందులో ఫెయిల్. వెతికితే, కప్పుకి, గోడలకి నేను ఇచ్చిన పదార్థాలు ఫైల్లోకి పోనేలేదు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో ఒక టిక్కు పెట్టకపోతే రెవిట్ తన దగ్గరున్న రెడీమేడ్ రకాల్నే పంపుతుంది. దాంతో నా దగ్గరికి చేరింది బరువు లేని కప్పు. వేడిని ఎంత ఆపుతుందో తెలుసు గానీ, ఎంత దాచుకుంటుందో తెలియదు. మన్ను పని సగం దాచుకోవడమే కదా.

టిక్కు పెట్టి, మన్నుకి అంకెలు వెతికినా. మన బీఐఎస్ వాళ్ళ 1987 నాటి ఎస్పీ 41 అనే పుస్తకంలో మన పదార్థాల పట్టిక ఉంది. అందులో కప్పు మీద పోసే మన్నుకి ఉష్ణ వాహకత 0.519, ఆర్‌సీసీకి 1.58. అయిదంగుళాల స్లాబు కంటే మా 22 సెంటీమీటర్ల మన్ను వేడిని అయిదు రెట్లకు పైగా అడ్డుకుంటుంది. ఇంతా చేసి, ఇండ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహితలో కప్పు యూ విలువ 1.2 దాటకూడదని ఉంది. నా లెక్కలో వట్టి స్లాబుకి సుమారు 3.5, మా మిద్దెకి సుమారు 1.5. జేజి మిద్దె కూడా పాస్ కాదు!

చివరి రిజల్ట్: మే మధ్యాహ్నం మిద్దె గది దాదాపు మూడు డిగ్రీలు చల్లన. రాత్రి పదికి బయటికంటే వేడి. ఏడు కాదు, మూడు. జేజి చెప్పినట్టే.

సంక్రాంతికి పోయినప్పుడు ఇద్దరికీ ల్యాప్‌టాప్‌లో చూపించినా. నాయన అంతా విని చెప్పినాడు. వేడి సంగతి తనకి చిన్నప్పటి నుంచి తెలుసంట. చవుడు మోసే మనుషులు దొరకట్లేదు, రెండు దంతెలు పుచ్చినాయి, పోయిన వానకి మూల కారింది, డెబ్బై దాటిన మనిషి రాత్రిపూట నిచ్చెనెక్కి మిద్దెపైకి పోతాంది. ఇవన్నీ ఎక్కడ పెట్టినావు ఇందులో అని అడిగినాడు. ఎక్కడా పెట్టలేదు. నా ఫైల్లో నిచ్చెన మొదటి రోజే తీసేసినా, అనవసరమైన తలమని.

చిన్నాయన ఒక్కటే అడిగినాడు. "నా ఇంటికి ఏమన్నా చెయ్యొచ్చునా?"

ఇప్పుడు ఆ పనిలో ఉన్నా. ఆయన ఇల్లు గీసినా, ఈసారి పువ్వుల్లేకుండా. స్లాబు మీద తెల్ల పూత ఒక ఫైలు, మన్ను పోసి నాపబండలు పరిస్తే ఒక ఫైలు, రెండూ కలిపి ఒకటి. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్ పాలసీ అని తెచ్చినారు, తెల్ల పూత సంగతి అందులోంచే ఎత్తుకున్నా. మన్ను బరువు ఆ స్లాబు మోస్తుందో లేదో సివిల్ వాళ్ళని అడగాలి. ఇది చదివే ఫైనల్ ఇయర్ సివిల్ అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే కొంచెం చెప్పండి, మేలో లోపల తేలాలి. ప్రతి ఫైలు నడిపే ముందు కప్పులు లెక్కబెడుతున్నా. దాని తర్వాత రేకులు పెట్టి ఒకసారి.

పాత మిద్దె సంగతి ఇంకా తేలలేదు. కొత్త ఇంట్లో గవాచి ఉంటుందా అని జేజి అడుగుతాంది. జీబీఎక్స్‌ఎమ్‌ఎల్‌లో దానికి పేరుందని చెప్పినా, ఆపరబుల్ స్కైలైట్ అని. రెండుసార్లు పలికి చూసి, "వానొస్తే మూసేదెవురో అది కూడా రాయి" అనింది.