యోకాన్ – చైనా గ్రాస్

దూరప్రయాణం చేసినవారు వట్టిచేతులతో ఇల్లు చేరరాదన్న నియమం మన తిరుపతికి కొత్త కాదు. ఇక్కడినుండి బయలుదేరే ప్రతి రైలుపెట్టెలో లడ్డూ పరిమళమే. జపానీయులకును ఈ ఆచారం కలదు. ఆ కానుకను వారు ‘ఒమియాగే’ అంటారు. 2008లో సత్యవేడు ప్రాంతాన శ్రీసిటీ ఆరంభమైన పిదప ఆ దేశపు పరిశ్రమలు మన సీమకు వచ్చాయి. అక్కడ పనిచేసే మా అన్నకు ఒక జపాను ఇంజనీరు ఇచ్చిన పెట్టె రంజాన్ మాసంలో మా ఇల్లు చేరింది.

అందులో కాస్తెరా అనే కేకు, యోకాన్ అనే నల్లని మిఠాయి ఉన్నాయి. కాస్తెరా 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి వలన నాగసాకిలో నెలకొన్నది. గుడ్లు, గోధుమపిండి, చక్కెర. నెయ్యి ఊసే లేదు.

యోకాన్‌ను మాత్రం అమ్మీ తాకలేదు. జంతువుల ఎముకలనుండి తీసే జెలటిన్ ఉన్నదేమోనని ఆమె శంక. పైగా ఆ పేరుకు ‘గొర్రెమాంసపు పులుసు’ అని అర్థమట! చైనాలో అది మాంసపు వంటకమే. మాంసం ముట్టని బౌద్ధ సన్యాసులు జపానులో దానిని గింజలతో అనుకరించగా పేరు మాత్రం మిగిలింది. పెట్టెపై రాతను అన్న ఫోనుతో చదివించాడు: అజుకి గింజలు, చక్కెర, సముద్రపు నాచునుండి తీసే ‘కాంతెన్’.

నాచు అనగానే అమ్మీ అలమరలోని పొట్లం తెచ్చింది. చైనా గ్రాస్! ఇఫ్తారుకు మేము పాలలో కరిగించి గడ్డకట్టించేది అదే. పేరు చైనాదైనా దానిని ఎండబెట్టి నిలువజేసే పద్ధతి 17వ శతాబ్దపు జపానుది.

“పూర్ణం గట్టిపడినట్లున్నది, ఏలకులు మరచారు,” అని ఆమె తీర్పు. పాలు దారిలో విరుగునేమోనని, గులాబీ షర్బతుతో చైనా గ్రాస్ చేసి మరునాడే ఆ ఇంజనీరుకు పంపింది.