పగ్డీ గదా, దుబాయ్ వీసానా?

గల్ఫ్‌లో బతికిన మాబోటివాళ్లకు రిటైరయ్యాక ఎక్కడుండాలన్న ప్రశ్న చాలాకాలం లేనే లేదు. కంపెనీ వీసా రద్దయిన రోజున పెట్టె సర్దుకోవడమే. 2018లో యూఏఈ ప్రభుత్వం 55 దాటినవాళ్లకు ఐదేళ్ల నివాసం ఇస్తామని ప్రకటించింది. 2020 సెప్టెంబరులో దుబాయ్ దాన్ని అమల్లోకి తెచ్చింది. అప్పటిదాకా లేని దారి ఒకటి కనపడేసరికి నాకూ ఆశ పుట్టింది. నా రిటైర్మెంటు దగ్గరపడ్డాక దరఖాస్తుకు కాగితాలు పోగేయడం మొదలుపెట్టాను.

నిబంధనలు ఇవి. పది లక్షల దిర్హమ్‌ల విలువైన ఇల్లుండాలి, లేదా అంత సొమ్ము మూడేళ్ల ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండాలి, లేదా రెండూ కలిపి ఆ మొత్తం చేరాలి. అదీ కాకపోతే నెలకు 15,000 దిర్హమ్‌ల ఆదాయం చూపించాలి. ఆరోగ్య బీమా ఉండాలి. ఆదాయం మాట మొదటే కొట్టేశాను. గల్ఫ్ ప్రైవేటు ఉద్యోగంలో మనకు పెన్షన్ ఉండదు, గ్రాట్యుటీ ఒక్కటే. యూఏఈలో అది మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్, మొత్తం కలిపి రెండేళ్ల జీతానికి మించకూడదు. నెలకు 10,000 బేసిక్‌తో పాతికేళ్లు పనిచేసినవాడికి 2,35,000 దిర్హమ్‌లు వస్తాయి. అకౌంట్స్‌లో కూర్చున్న నా సంగతే ఇది. సైట్లలో ఎండకు పనిచేసిన జగిత్యాల, సిరిసిల్ల అన్నల బేసిక్ ఇందులో పదోవంతు కూడా ఉండదు. పాతికేళ్ల చాకిరీకి చట్టం ఇప్పించే సొమ్ము వీసా అడిగేదాంట్లో నాలుగోవంతు కూడా లేనప్పుడు, ఆ వీసా ఎవరికోసం పెట్టారో ఆలోచించాల్సిందే. దుబాయ్‌లాంటి ఊళ్లను కట్టినవాళ్లకు మాత్రం కాదు. ఈ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నాకు బ్యాంకులో ఉన్నదీ, ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో ఉన్నదీ, గ్రాట్యుటీ కలిపితే ఏడు లక్షల దిర్హమ్‌లు. మిగతా మూడు లక్షలకు దారి ముంబై కామాటిపురలో ఉంది. మా అమ్మ ఉండే పగ్డీ గది అమ్మేస్తే సరిపోతుందని ఏజెంటు లెక్కగట్టి చూపించాడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ గది సంగతి చెప్పాలి. 1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి సముద్రపు పోటు ఆగాక ఈ పల్లపు నేలల్లో ఇళ్లు లేచాయి. ఆ శతాబ్ది చివర్లో నైజాం ఇలాకా నుంచీ తెలుగు నేల నుంచీ కూలికొచ్చిన కామాటీల పేరే ఈ పేటకు నిలిచింది. బయటివాళ్లకు కామాటిపుర అంటే ఎర్రదీపాలే గుర్తొస్తాయి. మాకు మాత్రం నంబర్లతో పిలిచే గల్లీలు, బతుకమ్మ ఆడిన వాకిళ్లు, మున్సిపాలిటీ తెలుగు బడి. మా నాన్న మిల్లు కార్మికుడు. 1982 జనవరిలో మొదలైన సమ్మె తర్వాత మళ్లీ మిల్లు గేటు లోపలికి పోలేదు. ఆ గది ఉండబట్టే మేం రోడ్డున పడలేదు. నూట ఇరవై చదరపు అడుగులు, పైన ఒక అటక, బయట అందరికీ కలిపి నల్లా. నెల అద్దె దుబాయ్‌లో ఒక పూట భోజనానికి చాలదు.

పగ్డీ అంటే సొంతం కాదు, కిరాయీ కాదు. మొదట్లో యజమానికి పెద్ద మొత్తం ఇచ్చి, ఆ పైన నామమాత్రపు అద్దెతో ఉండిపోయే హక్కు. 1999 నాటి మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం దీన్ని చట్టబద్ధం చేసింది. అమ్ముకుంటే యజమానికి వాటా ఇవ్వాలి, మా దగ్గర సుమారు మూడోవంతు అడుగుతారు. అదే చట్టంలో ఇంకో మాట ఉంది. సరైన కారణం లేకుండా వరసగా ఆరు నెలలు గది వాడకపోతే ఖాళీ చేయించమని యజమాని కోర్టుకెక్కొచ్చు. అద్దెదారు పోయేనాటికి వాళ్లతో కలిసి ఉంటున్న ఇంటివాళ్లకే హక్కు ముందు. అలాంటివాళ్లు లేకపోతేనే మిగతా వారసుల వంతు, వాళ్లలో పొత్తు కుదరకపోతే కోర్టు తేల్చాలి.

నాన్న పోయాక భాడా పావతి, అంటే అద్దె రసీదు, అమ్మ పేరుకు మారింది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి.

అటు యూఏఈలోనూ మామూలు నివాస వీసా ఉన్నవాడు ఆరు నెలలకు మించి బయట ఉంటే వీసా పోతుంది. ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల లెక్కలో ఏడాదికి 182 రోజులు ఇండియాలో ఉంటే ఇక్కడివాణ్ణే. ఇన్ని ఆరు నెలల మధ్య అక్కడ కొంత ఇక్కడ కొంత గడపొచ్చని ఒక కాగితం మీద నెలలు పంచి చూశాను. చట్టాలకు సరిపోయింది, డబ్బుకు సరిపోలేదు. పది లక్షల డిపాజిట్ మీద బ్యాంకు 4 శాతం చెప్పింది, అంటే ఏడాదికి 40,000. దేరాలో మేం ఉండే స్టూడియో అద్దె 48,000. జీవితమంతా కూడబెట్టింది కట్టేసి పెట్టినా దాని వడ్డీ ఇంటద్దెకే చాలడం లేదు. తిండి, కరెంటు, ఇద్దరి బీమా, విమాన టికెట్లు ఎక్కణ్నుంచి రావాలి? అసలు కదపడానికి వీల్లేదు, కదిపితే వీసా పోతుంది.

దుబాయ్ వైపు కూడా గట్టి కారణాలున్నాయి. దిర్హమ్ 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టుబడి ఉంది. నేను పోయిన 1998లో దిర్హమ్‌కు పదకొండు రూపాయల చిల్లర వచ్చేది, ఇప్పుడది రెట్టింపు దాటింది. డబ్బు అక్కడ పెట్టినవాడికి రూపాయి పడినా దిగులుండదు. పైగా కొడుకు అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. థాయ్‌లాండ్ కూడా చూశాను, 50 దాటితే 8 లక్షల బాత్‌లు బ్యాంకులో చూపితే చాలు. పది లక్షల దిర్హమ్‌లతో పోలిస్తే అది చాలా తక్కువ. కానీ అక్కడ మాకు మనిషీ లేడు, మాటా లేదు.

నా భార్య ఎక్కువ మాట్లాడలేదు. పెళ్లి సర్టిఫికెట్ అటెస్టేషన్‌కు పంపాలని కవర్లు సర్దుతుంటే పక్కన కూర్చుని అడిగింది: "ఆ వీసా నీ పేరు మీద వస్తది. నీకేమన్న అయితే నా సంగతేంది? మళ్ల నేను వేరే వీసా ఎతుక్కోవాల్నా? అత్తమ్మ పావతి మీదనైతె నన్నెవరు ఎల్లగొట్టరు కద."

పాతికేళ్లు లెక్కలు రాసినవాణ్ణి నేను. ఈ పద్దు మాత్రం ఆమే పట్టుకుంది. వీసాకు ఐదేళ్లకోసారి మళ్లీ అర్హత నిరూపించుకోవాలి, అది మనిషితోనే ముగుస్తుంది. పావతి ఇంట్లో ఉన్నవాళ్లకు అందుతుంది. పైగా కామాటిపుర పునర్నిర్మాణం మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది, సుమారు 34 ఎకరాలు. అర్హులకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల మాట నడుస్తోంది. ఇలాంటివి కాగితాల మీదే ఏళ్లు గడుపుతాయని ఇక్కడ అందరికీ తెలుసు. అయినా ఇలాగే పునర్నిర్మిస్తున్న వర్లీ బీడీడీ చాళ్లలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు తాళాలు అందాయి. 160 అడుగుల గదుల్లోంచి 500 అడుగుల ఇళ్లలోకి పోయినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ తాళాలు చూశాక గది అమ్మే మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు.

దరఖాస్తు పెట్టలేదు. తిరిగొచ్చి అమ్మ దగ్గరే ఉంటున్నాం. కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వెళ్లొస్తాం. తిరిగొచ్చినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు విదేశంలో వచ్చిన వడ్డీ మీద ఇక్కడ పన్ను పడని వెసులుబాటు సాధారణంగా దొరుకుతుంది కాబట్టి కొంత డబ్బు దిర్హమ్‌ల్లోనే ఉంచాను. 30 లక్షలు సీనియర్ సిటిజెన్ పొదుపు పథకంలో వేశాను. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 61,500 రూపాయలు వస్తాయి, అమ్మ మందులతో సహా ఇల్లు అందులోనే గడుస్తుంది. ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం అందులో చేరే వీలుండదు.

మూడో అంతస్తు వదిన కొడుకు షార్జాలో ఉన్నాడు, యాభై దాటాయి. మొన్న ఫోన్‌లో ఆ వీసా గురించే అడిగాడు. ఇక్కడి ఆరోగ్య బీమా ఇప్పుడే తీసుకో అన్నాను. పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు, ఆ కాలం నువ్వు జీతంలో ఉండగానే గడిచిపోతుంది. రెండోది, మీ అమ్మ పావతి ఎవరి పేరున ఉందో, రేషన్ కార్డులో ఎవరెవరున్నారో వచ్చే సెలవులో చూసుకో. వీసా లెక్కలు ఆ తర్వాత ఇద్దరం కూర్చుని వేద్దాం అన్నాను. దసరాకు వస్తానన్నాడు.