బాండు పేపరు

2023 మే 8 రాత్రి తాండూరు నుంచి మా అన్న బిడ్డ ఫోన్ చేసింది. "అత్తమ్మా, రేపు సాయంత్రం అయిదింటిలోపల డ్యూటీల చేరకుంటె కొలువు తీసేస్తరట. చేరన్నా, వద్దా?"

తను తాండూరు దగ్గర ఒక ఊళ్లో జూనియర్ పంచాయతీ కార్యదర్శి. 2019లో చేరినప్పుడు జీతం పదిహేను వేలు, ప్రొబేషన్ మూడేళ్లు. ఆ మూడు నాలుగయింది. పర్మినెంటు చేయమని ఏప్రిల్ 28 నుంచి రాష్ట్రమంతటా సమ్మెలో ఉన్నారు. తెల్లారకముందే ఊరి మోరీల దగ్గర నిలబడే పిల్ల. నాటిన మొక్కల్లో నూటికి 85 బతక్కపోయినా తనే జవాబు చెప్పుకోవాలి.

నోటీసులో ఒక మాట నన్ను నిద్రపోనివ్వలేదు. సంఘంలో చేరబోమనీ, సమ్మె చేయబోమనీ మీరే బాండు రాసిచ్చారు కదా అని.

నేను చేరమనే చెప్పాను. ముప్ఫయ్యేళ్లు వికారాబాద్‌లో సర్కారు కొలువు చేసినదాన్ని, భయం నరాల్లో ఉంటుంది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు అన్నప్పుడు, పేపరు మడిచి పక్కన పెట్టి ఫైలు తెరిచాను. వాళ్లకీ బేరసారాలు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1978లోనే 151వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. వినతిపత్రం ఇచ్చుకోవచ్చు. అది బేరమెట్లా అవుతుంది? సంతలో వంకాయలకైనా రెండు వైపులా మాట ఉంటుంది.

మాకు సంఘమైతే ఉండేది. ఏటా చందా కట్టాను. చర్చలకు వెళ్లేది మాత్రం మగవాళ్లే. ఆడవాళ్లకు ఆఫీసులో ఒక బాత్రూం కావాలని డిమాండ్లలో రాయమంటే, "ముందు పీఆర్సీ రానీ అక్కా" అన్నారు. పీఆర్సీలు వచ్చాయి, పోయాయి. రిటైరయ్యేదాకా పక్కింటివాళ్ల గడపే తొక్కాను. బాండు లేకుండానే నోరు మూసుకున్నానన్నమాట.

అది నా మాట వినలేదు. 13న అందరితో పాటే సమ్మె విరమించింది. పనితీరు చూసి రెగ్యులర్ చేస్తామని జూలైలో ఉత్తర్వు వచ్చింది.

ఆ వారమే రైలెక్కి తాండూరు వెళ్లాను. నాపరాళ్ల దుమ్ములోంచి నడుచుకుంటూ ఇంటికి చేరగానే అడిగాను, ఆ బాండు ఒకసారి చూపించమని.

"నా తాన యాడుంది అత్తమ్మా? కొలువొచ్చిన సంబురంల సంతకం పెట్టిచ్చిన. కాయితం వాళ్ల తాన్నే ఉన్నది."