178 నామినేషన్ల ముచ్చట

2019 పార్లమెంటు ఎలక్షన్ల మాట వస్తే చాలు, "మీ నిజామాబాద్ రైతులు మంచి తమాషా చేసిండ్రు" అని ఎవరో ఒకరు నవ్వుతరు. బరిలో 185 మంది, అందుల 178 మంది రైతులే. బూతుకు 12 ఓటింగ్ మిషన్లు పెట్టవలసి వచ్చింది. నవ్వొచ్చే ముచ్చటనే.

కానీ దాని ముందు సంగతి ఎవరూ అడగరు. పసుపు తొమ్మిది నెలల పంట. తవ్వాలె, ఉడకబెట్టాలె, ఎండబెట్టాలె, డ్రమ్ముల తిప్పాలె. ఇంత చేసి యార్డుకు పట్టుకపోతే ఆ ఏడు నాకు క్వింటాలుకు 5,000 కూడా పడలే. మనం అడిగింది 15,000, ఒక పసుపు బోర్డు. ఎర్రజొన్నకు 3,500. ఎన్ని దరఖాస్తులు ఇచ్చినమో నాకే యాది లేదు. ఫిబ్రవరిల ఆర్మూర్ కాడ హైవే మీద కూసున్నం. నిజం చెప్తున్న, నాకు సిగ్గనిపించింది. ఆగిన బస్సుల్ల చిన్న పిల్లలున్నరు. లారీ డ్రైవర్లు తిట్టిండ్రు, కొందరిని పోలీసులు పట్టుకపోయిండ్రు. అయినా జవాబు లేదు.

ఇగ మిగిలింది నామినేషనే. మా ఊర్ల ఇంటికింత వేసుకొని ఒక పెద్దాయనకు 25,000 డిపాజిట్ కట్టినం. ఆయన వాపస్ వచ్చి ఏమన్నడో తెలుసా? "తమ్మీ, ఇన్నేండ్లల నా కాయితం తీసుకొని రశీదు ఇచ్చింది ఈ ఒక్క ఆఫీసే."

ఓట్లు ఎన్ని పడ్డయో ఆయన చూసుకోనే లేదు.

బోర్డు 2025 జనవరిల వచ్చింది. పసుపుకు మద్దతు ధర ఇంకా రాలే. ఆ రశీదు మాత్రం ఆయన పెట్టెల, పట్టా పాసుబుక్కుతోనే ఉన్నది.