పొగగొట్టపు పద్దు

ఒక గృహస్థుని జమాఖర్చుల పుస్తకము తెఱచి చూచినచో ఆ యింట ఎవరి కెంత గౌరవము కలదో తెలియక మానదు. వీధివైపు గోడలకు రంగు వేయించిన పద్దు పెద్ద యక్షరములతో నుండును. పెండ్లిపందిళ్లు, పండుగ వస్త్రములు, బంధువుల విందులు, ఇవి యన్నియు సంకోచము లేకయే వ్రాయబడును. పెరటివైపునకు పోయినకొలది పద్దులు చిన్నవగును. వంటయింటి పొగగొట్టము దగ్గఱకు వచ్చునప్పటికి కలము ఆగిపోవును. దానిమీద పెట్టిన ధనము దండుగ యని మనలో ననేకుల తలంపు. ఈ దండుగ యను మాటను గుఱించియే మేము నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

మేము నివసించుచున్నది మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు. వంటయింట కట్టెలపొయ్యిపై ఇటుకల పొగగొట్ట మొకటి కలదు. పొయ్యినుండి కప్పువఱకు పదియడుగులు, కప్పుపైన నైదడుగులు దాని యెత్తు. గ్యాసు వచ్చి యిరువదియేండ్లు దాటినను ఆ పొయ్యి ఆఱలేదు. స్నానములకు నీళ్లు దానిమీదనే కాగవలెను. పాలు పిడకల దాలిలో ఎఱ్ఱగా కాగినగాని మా తల్లిగారికి పెరుగు పెరుగే కాదు. పదిమంది బంధువులు వచ్చిననాడు పెద్దగిన్నెలన్నియు కట్టెలమీదనే యెక్కును. తెలుగు పల్లెలలో గ్యాసును కట్టెయు నొక్కయింటనే కాపురముండుట యెల్లవా రెఱిగినదే.

ఈ గొట్టమునకు ముప్పదియేండ్లుగా తాపీ తగులలేదు. ఇటుకలు గట్టిగానే యున్నవి. వాని నడిమి సున్నము మాత్రము వానలకు నాని, వేడికి పొడియై రాలిపోయినది. కొన్నిచోట్ల సందులలో చిటికెనవ్రేలు దూఱును. ఇది చిన్నలోపముగా కనబడును గాని పొగగొట్టము పనిచేయు విధ మెఱిగినవారు దీనిని చిన్నదనరు. గొట్టములోని గాలి వేడెక్కి తేలికయై పైకి పోవును. దాని చోటు నింపుటకు పొయ్యిదగ్గఱి గాలి పొగను వెంటబెట్టుకొని లేచును. లోపల ఎంత వెచ్చగా నుండిన ఈ యీడ్పు అంత బలముగా నుండును. ప్రక్కసందులనుండి చల్లగాలి చొఱబడినచో ఈడ్పు సన్నగిల్లును. పొగ వెనుకకు మరలి వంటయింటనే నిలుచును. కప్పుదగ్గఱ సందు పడినచో నిప్పురవ్వ దూలమునంటు భయమును గలదు.

మేస్త్రిని పిలిపించితిమి. ఆతడు వృద్ధుడు, సున్నపు పని యెఱిగిన కొలదిమందిలో నొకడు. ఆతడు చెప్పిన లెక్క యిది. మేస్త్రికి మూడుదినముల కూలి 3,000 రూపాయలు, కూలివానికి 2,100, సరుగుడు కఱ్ఱలతో సారువ కట్టి విప్పుటకు 2,000, సున్నము, ఇసుక, ఇటుకపొడి 900, సారువ కట్టునపుడు పగులు పెంకులకు 500. వెరసి 8,500 రూపాయలు. చదువరు లిందొక విశేషము గమనింతురు గాక. సందులలో చేఱు వస్తువు విలువ మొత్తములో నించుమించు పదియవవంతు. తక్కినదంతయు మనుష్యుని శ్రమ, ఆతడు భయములేక నిలుచుటకు కావలసిన ఆధారము. కాబట్టి సారువ కట్టిన తరువాత సగము సందులు పూడ్చి సగము విడుచుట మితవ్యయము కాదు. మఱల రెండేండ్లకు ఆ సారువయే కట్టవలసివచ్చును.

ఇంతకంటె చౌకదారి లేదా యని మా పినతండ్రిగా రడిగిరి. మా యింటి ధనాధికారము వారిదే. వారు ధర్మబుద్ధి గలవారు; పైకము విషయమున జాగరూకులు. నిచ్చెన వేసికొని సిమెంటుతో పైపైన మెత్తి యొక్కదినమున ముగించిన 3,000 రూపాయలతో పోవునని యెవరో వారికి చెప్పిరి. దానికి మేస్త్రి, "బాబుగారూ, సిమెంటు పూస్తే ఈ యేడు బాగానే ఉంటుంది. తరవాత ఇటుకే ఒలిచిపోతుంది" అనెను. ఆతని మాట శాస్త్రసమ్మతమే. మన ప్రాతయిటుక మెత్తనిది. నీటిని పీల్చి మఱల విడుచును. సున్నము ఇటుకకంటె మెత్తనిదగుటచే ఆ తడి సందులగుండ బయటికి పోవును. నష్టము కలిగిన సున్నమునకే కలుగును, అది మార్చదగినది. సిమెంటు ఇటుకకంటె కఠినమైనచో తడికి దారి మూయబడును. అప్పుడు పగులునది ఇటుక. మఱియు, ప్రాతసున్నమును సందు వెడల్పునకు రెండింతల లోతు తవ్వితీసి, దుమ్ము దులిపి, ఇటుకను తడిపి, క్రొత్తసున్నము గట్టిగా కూఱి, వారముదినములు తడిగోనెలతో కప్పియుంచినగాని పని నిలువదు. పైపూత పనిగాదు, పనియొక్క వేషము.

పినతండ్రిగారు ఇవన్నియు విని, "ఆ పొయ్యి వెలుగునది రెండు పూటలు. దానికి ఎనిమిదివేలా?" అనిరి. వీధివైపు గోడలకు ఆ సంవత్సరముననే 22,000 రూపాయలు రంగుక్రింద వ్రాయబడినవి. దానిపై ఒక్కదినము చర్చ లేదు. పొగగొట్టముపై మూడుమాసములు చర్చ సాగినది. వీధిగోడను ఊరివారు చూతురు. పొగగొట్టము క్రింద కూర్చుండునది ఆడుది. భేదమంతయు నిదియే.

ఇంతలో మా తల్లిగారి దగ్గు హెచ్చయినది. పట్టణమున ఊపిరితిత్తుల వైద్యుని కడకు కొనిపోతిమి. ఆయన పరీక్షించి, "చుట్ట కాల్చు నలవాటు కలదా?" యని యడిగెను. మా తల్లి నవ్వెను. అప్పుడాయన, "పొయ్యి ముందు ఎన్నియేండ్లు కూర్చుండిరి?" అనెను. "యాబదియైదు" అని యామె చెప్పెను. పొగత్రాగువారికి వచ్చు శ్వాసకోశవ్యాధియే పొయ్యిపొగ పీల్చువారికిని వచ్చునని, పోయిన బలము తిరిగి రాదుగాని మిగిలినది కాపాడుకొనవచ్చునని వైద్యుడు తెలిపెను. ఇంటికి వచ్చిన తరువాత పినతండ్రిగారు మిక్కిలి ఖేదముతో, "వదినా, ఇంత బాధగా నున్నదని ఎన్నడును చెప్పలేదేమి?" యనిరి. ఆమె, "చెప్పుట కేమున్నది నాయనా? పొగ నీకును కనబడుచునే యుండెను గదా!" అనెను. మఱునాడు సారువకఱ్ఱలు వచ్చినవి.

ఇట్టి వ్యయమును బలహీనుని దేహముమీద వ్రాయుట మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో ఇరుకైన పొగగొట్టములలోనికి చిన్నబాలురను ఎక్కించి మసి గీకించెడివారు. ఆ మసివలన వారికి పెద్దయిన పిదప రాచపుండు పుట్టుచున్నదని 1775లో పెర్సివాల్ పాట్ అను శస్త్రవైద్యుడు ప్రకటించెను. 1788 మొదలు చట్టములమీద చట్టములు వచ్చినవి. పొడుగుకఱ్ఱల కుంచెలు వాడుకలోనికి వచ్చిన తరువాతను బాలురను ఎక్కించుట ఆగలేదు. 1875లో కేంబ్రిడ్జి చేరువ 11 ఏండ్ల బాలుడొకడు గొట్టమున చిక్కుకొని, వెలికి తీసిన పిమ్మట మరణించెను. ఆ సంవత్సరపు చట్టముతోనే ఆ దురాచారము తుదముట్టెను. అచ్చట పిల్లవాడు చెల్లించిన మూల్యమును ఇచ్చట గృహిణి చెల్లించుచున్నది. 2020వ సంవత్సరమున లోకమంతట ఇంటిపొగవలన 32 లక్షలమంది మరణించిరని ప్రపంచారోగ్యసంస్థ లెక్కకట్టినది.

మనవా రుపాయము కనుగొనలేదా? కనుగొనిరి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టరు ఎస్. పి. రాజుగారు మట్టితో చేయదగిన పొగగొట్టపు పొయ్యిని రూపొందించి, కోట్లాది ప్రజలకు పొగలేని వంటయిండ్లు ఎట్లు సమకూరునో 1953లో ఆంగ్లమున గ్రంథము ప్రకటించిరి. 1983లో కేంద్రప్రభుత్వము మెఱుగైన పొయ్యిల పథకము నారంభించి, 2002లో విరమించులోపల మూడుకోట్లకు పైగా పొయ్యిలు వేయించినది. పొయ్యిలు వేయుట సులభమే. వానిని నిలుపుకొనుట యెట్లు? ఒడిశా గ్రామములలో ఇట్టి పొయ్యిలను ఏండ్లతరబడి పరిశీలించిన ఆర్థికశాస్త్రజ్ఞులు తమ ఫలితములను 2016లో ప్రకటించిరి. మొదటి సంవత్సరము స్త్రీలు పీల్చు పొగ తగ్గినది. గొట్టములు పగిలి, మసి పట్టి, బాగుచేయువారు లేక, వాడుకయు తగ్గిపోగా, ఆ మేలు క్రమముగా మాసిపోయినది. కట్టించువాడు ఫలకముమీద పేరు వ్రాయించుకొనును. సందులు పూడ్చువానికి ఫలకము లేదు. మన సంస్కరణములు పెక్కు ఇచ్చటనే చెడుచున్నవి.

కట్టెలపొయ్యి నే విడిచిపెట్టరాదా యని కొంద ఱడుగుదురు. విడువగలవారు తప్పక విడువవలెను. గొట్టము పొగను నశింపజేయదు, బయటికి పంపును, అంతియే. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము ఎందఱో స్త్రీలకు గ్యాసు నందించినవి, అది గొప్పమేలు. కాని కట్టె ఇంటనున్నంతకాలము దాని పొగకు దారి చూపుట ఇంటి యజమాని విధి.

కావున సోదరులారా, కార్తికము వెళ్లి వానలు తగ్గిన తరువాత ఏటేట ఒకదినము పొగగొట్టమును క్రిందినుండి మీదివఱకు చూడుడు. మసి తీయింపుడు. సందున గోరు దూఱిన చాలును, మేస్త్రికి కబురు పంపుడు. వ్రేలు దూఱువఱకు ఆగినచో వ్యయము రెట్టింపగును. ఆ పని ముగిసినదా లేదా యని తీర్పు చెప్పు నధికారము పొయ్యి యెదుట కూర్చుండు నామెకే యిండు. ఆమె కన్నులు మండనినాడు మేస్త్రి కూలి చెల్లింపుడు. ఆ పద్దును దండుగల క్రింద వ్రాయక, బియ్యము, ఉప్పు, పప్పుల సరసననే వ్రాయుడు.